నరాల నొప్పి ఉన్నవాళ్లకు మర్దన చేయించవచ్చా? అమ్మ కాళ్ల గురించి ఇంట్లో గొడవగా ఉంది

కోడుమూరు_కుర్రాడు

మా అమ్మకు 62 ఏళ్లు. చక్కెర జబ్బు వచ్చి 14 ఏళ్లు దాటింది. రెండేళ్లుగా రాత్రి నడుము వాల్చగానే అరికాళ్లలో మంటలు మొదలవుతున్నాయి. నిప్పుల మీద నిలబడినట్లుందని ఒకరోజు, చీమలు పాకుతున్నట్లుందని ఇంకొకరోజు చెబుతుంది. మా వీధిలో బాలింతలకు, పసిపిల్లలకు ఒళ్లు రుద్దే పెద్దావిడ ఒకరున్నారు, ఆ పనిలో ఆవిడకు మంచి పేరుంది. నెల రోజులుగా ఆవిడ వారానికి రెండుసార్లు వచ్చి, కాచిన ఆముదంతో మోకాళ్ల నుంచి వేళ్ల దాకా గట్టిగా పిసికి వెళ్తున్నారు. రుద్దిన రాత్రి అమ్మ హాయిగా నిద్రపోతుంది, మరుసటి రాత్రి మంట మళ్లీ మామూలే.

నేను కర్నూలులో ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఊరికి వస్తాను. పోయిన ఆదివారం చూస్తే అమ్మ కుడి పిక్క మీద అరచేయంత మేర కమిలి నల్లబడి ఉంది. నొప్పిగా లేదా అని అడిగితే, "అక్కడ నాకేం తెలీలేదు నాయనా" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అమ్మ దగ్గరే ఉండే మా అక్క మాత్రం, "రాత్రంతా మేలుకుని కాళ్లు పట్టేది నేను. రుద్దితే నిద్రపడుతుంటే నీకెందుకు అడ్డం?" అంటోంది. నరాల నొప్పి ఉన్నవాళ్లకు మర్దన మంచిదో చెడ్డదో తెలిసినవాళ్లు చెప్పండి.

రాగిసంగటి

మా అవ్వ ప్రతి ఆదివారం నువ్వుల నూనె పట్టించుకుని, గంటసేపు రుద్దించుకుని, కుంకుడుకాయలతో తలంటుకునేది. 84 ఏళ్లు బతికింది, నరాల నొప్పి అన్న మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు. నిద్ర పడుతోందంటే మర్దన ఒంటికి పడినట్లే లెక్క. కమిలినది నాలుగు రోజుల్లో తగ్గుతుంది. మీ అక్క చెప్పినదే సబబు.

రాత్రి_డ్యూటీ

మీ అవ్వకు చక్కెర జబ్బు ఉండేదా, రాగిసంగటి గారూ? లేకపోతే ఆ పోలిక ఇక్కడ పనికిరాదు.

కోడుమూరు తమ్ముడు ముందు రెండు విషయాలు చూసి చెప్పాలి. కమిలిన పిక్క రెండో పిక్క కంటే లావుగా, వేడిగా ఉందా? అమ్మ రక్తం పలచబడే మాత్రలు ఏవైనా వాడుతోందా? నేను పదకొండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఒక్క కాలే వాచి, వేడెక్కి, పిక్క నొప్పి పెడుతుంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. అటువంటి కాలిని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ఆ సంగతి తేలేదాకా ఎవరూ ఆ కాలిని రుద్దకూడదు.

కోడుమూరు_కుర్రాడు

అక్క టేపుతో కొలిచింది. రెండు పిక్కలూ ఒకే కొలత ఉన్నాయి. వాపు, వేడి లేవు. గుండె కోసమని డాక్టరు రాసిన ఆస్పిరిన్ 75 మాత్ర రోజూ వేసుకుంటోంది.

రాత్రి_డ్యూటీ

అయితే గడ్డ భయం తక్కువే. ఆస్పిరిన్ వాడేవాళ్లకు కొద్దిగా నొక్కినా తొందరగా కములుతుంది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ మచ్చ చూపించండి.

కడప_ఫిజియో

కమిలిన మచ్చ కంటే "నాకేం తెలీలేదు" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

నరాల నొప్పి అనే ఒక్క మాట కింద మనం చాలా జబ్బులను కలిపేస్తాం. వెన్నులో డిస్కు జారి నరాన్ని ఒత్తితే కాలంతా లాగుతుంది, మణికట్టు దగ్గర నరం నలిగితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చక్కెర జబ్బులో నరాల చివరలే దెబ్బతిని పాదాలు మండుతాయి. ఈ మూడింటికీ మర్దన విషయంలో ఒకే జవాబు చెప్పలేం. చక్కెర వల్ల వచ్చే నరాల జబ్బు ముందుగా కాలివేళ్లలో మొదలై మేజోడు తొడిగినంత మేర పైకి పాకుతుంది. దీనిలో విచిత్రమేమిటంటే మంట, మొద్దుబారడం ఒకే పాదంలో కలిసి ఉంటాయి. లోపల మండుతూ ఉంటుంది కానీ బయటి నుంచి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మామూలు మనిషిని గట్టిగా నొక్కితే "అబ్బా, మెల్లగా" అంటాడు, ఆ మాటను బట్టే రుద్దేవాళ్లు తమ చేతి బలాన్ని సర్దుకుంటారు. మీ అమ్మగారి కాళ్ల దగ్గర ఆ "అబ్బా" అనే కాపలా లేదు.

మరి రుద్దిన రాత్రి నిద్ర ఎందుకు పడుతోందంటే దానికీ కారణముంది. స్పర్శను మోసే లావు నరాలు వెన్నుపాములోకి వార్త పంపినప్పుడు, సన్నని నరాలు మోసుకొచ్చే నొప్పి వార్తకు అక్కడ దారి ఇరుకవుతుంది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు దీన్ని ద్వారం మూసినట్లుగా వివరించారు. మోకాలికి దెబ్బ తగలగానే మనం తెలియకుండానే అక్కడ రుద్దుకునేది అందుకే. కాబట్టి మీ అక్కగారు చెబుతున్న ఉపశమనం అబద్ధం కాదు. అయితే దానివల్ల దెబ్బతిన్న నరం బాగుపడదు, పైగా ఆ ఉపశమనం కోసం గట్టిగా పిసకాల్సిన పనే లేదు, తేలికపాటి స్పర్శ చాలు.

ఈ రోజే ఇంట్లో ఒక పరీక్ష చేయండి. అమ్మగారిని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో ఆమె కుడి బొటనవేలు, కుడి చిటికెన వేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు, తర్వాత కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు, ఈ వరుసలో ఒక్కొక్కదాని కొసను ఒకటి రెండు సెకన్లు తాకండి. నొక్కకూడదు, తట్టకూడదు, ఈక వాలినట్లు తాకాలి. తెలిసినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే పాదాలకు స్పర్శ తగ్గినట్లే. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణం పేరుతో పిలిచే ఈ పరీక్షకు పరికరాలేవీ అక్కర్లేదు. ఫలితం ఇక్కడ రాయండి.

ఆదోని_పత్తి

ఎవరి ఇంట్లో వాళ్లం ఈ రాత్రి కాలివేళ్లు తాకుతూ కూర్చుంటామనుకుంటాను. మా ఆవిడ నన్ను అనుమానంగా చూస్తోంది.

రాతిపలక

నాది తాడిపత్రి. బండల పాలిష్ పనిలో ఇరవై ఏళ్లు ఉన్నాను. నా అనుభవం చెబుతాను, దీన్ని బట్టి ఎవరూ ఎవరినీ నిందించవద్దు.

నాలుగేళ్ల కిందట నడుము నుంచి ఎడమ కాలి దాకా కరెంటు పాకినట్లు లాగడం మొదలైంది. మొదట్లో బోర్లా పడుకుని ఆరేళ్ల మేనల్లుడితో నడుము తొక్కించుకునేవాణ్ణి. వాడి బరువెంత, హాయిగానే ఉండేది. తర్వాత ఎవరో చెప్పారని ఒక తైలం ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన తన మోచేతిని నా నడుము మీద ఆనించి, ఒంటి బరువంతా మోపి నొక్కి, చివరికి కాలిని మెలితిప్పాడు. లోపల టక్కుమని శబ్దం వచ్చింది. నరం సర్దుకుందన్నాడు. నేనూ సంతోషపడ్డాను.

మరునాడు పొద్దున పనికి బయలుదేరి పది అడుగులు వేశానో లేదో, వెనక నుంచి మా అబ్బాయి "నాయనా, చెప్పు" అని అరిచాడు. ఎడమ చెప్పు వాకిట్లోనే జారిపోయింది, నాకు తెలియనే లేదు. పాదాన్ని పైకి ఎత్తుదామంటే లేవలేదు. ఎమ్మారై తీస్తే నాలుగు, అయిదు నడుము పూసల మధ్య డిస్కు జారి నరాన్ని నలిపేస్తోందని తేలింది. బెంగళూరులో ఆపరేషన్ చేశారు. ఎనిమిది నెలలకు పాదం లేచింది కానీ బొటనవేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా లేవదు. ఆ మర్దన వల్లే ఇలా అయిందా అని సర్జన్ గారిని అడిగాను. డిస్కు అప్పటికే జారి ఉండాలని, మెలితిప్పడం వల్ల ఇంకొంత జరిగి ఉండవచ్చని, కచ్చితంగా తేల్చి చెప్పలేనని అన్నారు. నాకు ఆ జవాబే నిజాయితీగా తోచింది.

మగ్గం_గుంత

రాతిపలక అన్నకు జరిగినది వింటే బాధగానే ఉంది, కానీ ప్రతి కాలి లాగుడూ డిస్కే అనుకోవద్దు. నేను ధర్మవరంలో గుంత మగ్గం మీద పెరిగినవాణ్ణి. పద్దెనిమిదేళ్లు కాళ్లు గుంతలో పెట్టుకుని నేశాక కుడి పిర్ర నుంచి తొడ వెనక దాకా లాగడం మొదలైంది. నేనూ నరమే పట్టిందనుకున్నాను. అనంతపురంలో ఎముకల డాక్టరు గారు కాలు నిటారుగా పైకెత్తి చూసి, మోకాలి కింద సుత్తితో తట్టి చూసి, నరం బాగానే ఉందని, పిర్రలోని కండరం బిగుసుకుపోయిందని చెప్పారు. ఫిజియో వారానికి మూడు రోజులు మర్దన చేసి, సాగదీసే వ్యాయామాలు నేర్పితే మూడు వారాల్లో తగ్గింది. అందుచేత మర్దనను అందరూ కలిసి ఉరి తీయకండి.

కడప_ఫిజియో

ఎవరూ ఉరి తీయడం లేదు. మీకు పనిచేసిందంటే ముందు నరాన్ని పరీక్షించి, కండరమని తేల్చుకుని, ఆ తర్వాత చేశారు కాబట్టి. నడుము నొప్పికి మర్దన మీద జరిగిన 25 పరిశోధనలను 2015లో కొక్రేన్ సంస్థ వారు ఒకచోట చేర్చి పరిశీలించారు. కొన్నాళ్లపాటు కొంత ఉపశమనం కనబడింది కానీ ఆ పరిశోధనల నాణ్యత తక్కువగా ఉన్నందువల్ల గట్టి నమ్మకంతో చెప్పలేమని రాశారు. అవి కూడా ఎక్కువగా కారణం తెలియని మామూలు నడుము నొప్పి మీద చేసినవే, నరం నలిగిన రోగుల మీద చేసినవి కావు.

డిస్కు వల్ల వచ్చే కాలి లాగుడు చాలామందిలో ఆపరేషన్ లేకుండానే ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. ఆ వారాల్లో ఎవరు రుద్దుతుంటే వాళ్లకే పేరు వస్తుంది, అది వేరే సంగతి. కానీ కాలిలో బలం తగ్గుతున్నా, మూత్రం బిగిసినా లేక తెలియకుండా పోతున్నా, గుర్రం జీను ఆనే భాగంలో స్పర్శ పోయినా అది మర్దనకు సంబంధించిన విషయం కాదు. గంటల లెక్కన ఆసుపత్రికి చేరాలి.

రుద్దేవాళ్లు జాగ్రత్తపడవలసిన చోటు ఇంకొకటుంది. మోకాలికి బయటి వైపు కొంచెం కిందగా ఒక ఎముక బుడిపె చేతికి తగులుతుంది. దాని మెడను చుట్టుకుని వెళ్లే నరం చర్మానికి ఆనుకునే ఉంటుంది. పాదాన్ని పైకి లేపేది అదే. చేలలో గంటల తరబడి గొంతుకూర్చుని చెనక్కాయలు పీకినవాళ్లకు ఆ నరం నలిగి పాదం వేలాడిపోయిన సందర్భాలు నేను చూశాను. అక్కడ బొటనవేలితో పొడిచి రుద్దకూడదు.

ఆదోని_పత్తి

నరాల సంగతి వచ్చింది కాబట్టి మా క్షౌరశాల గురించి చెప్పాలి. కటింగ్ అయ్యాక తల మీద నాలుగు తట్టి, చెవి దగ్గర మెలితిప్పి, మెడను రెండు వైపులా టక్కు టక్కుమనిపించి పంపుతాడు. పాతికేళ్లుగా అలవాటు. ఆ శబ్దం వినకపోతే కటింగ్ పూర్తయినట్లు అనిపించదు. ఇప్పుడు ఎడమ చేతిలో తిమ్మిరి వస్తోంది. మెడ విరిపించుకోవడం కొనసాగించవచ్చా?

రాత్రి_డ్యూటీ

ఈ క్షణం నుంచి మానేయండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల రంధ్రాల్లోంచే పైకి వెళ్తాయి. మెడను ఒక్క ఉదుటున తిప్పినప్పుడు ధమని లోపలి పొర చిరిగితే అక్కడ గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే వెనక్కి తీసుకోలేం. బ్యూటీ పార్లరులో తల కడగడానికి మెడను వెనక్కి వంచి ఉంచినవాళ్లలో కూడా ఇలా జరిగిందని 1993లోనే ఒక అమెరికా వైద్యుడు రాశారు. చేతిలో తిమ్మిరి అంటే మెడలో నరం ఒత్తిడికి లోనవుతూ ఉండవచ్చు. ముందు డాక్టరుకు చూపించండి, కటింగ్ మాత్రం చేయించుకోండి.

పెన్న_ఒడ్డు

మన జిల్లాలవాళ్లు మెడ, వెన్ను విషయంలో మరీ జాగ్రత్తగా ఉండవలసిన కారణం ఇంకొకటి ఉంది. అనంతపురం జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంతగా ఉండేదో పాతవాళ్లకు తెలుసు. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చేదాకా మా ఊళ్లో ఆ నీళ్లే తాగాం. మా పెదనాయన వెన్ను వెదురుబొంగులా బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిరగాల్సిందే. ఫ్లోరైడు వల్ల పూసల మధ్య బంధాలు కూడా ఎముకలా గట్టిపడి, వెన్నుపాము వెళ్లే దారి ఇరుకైపోయిందని ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు చెప్పారు. పెదనాయనకు కాళ్లు తిమ్మిరెక్కుతుంటే వాతమనుకుని ఏడాదిపాటు రుద్దించారు. ఆ ఏడాది వృథా అయింది. అటువంటి వెన్నును వంచి సరిచేద్దామని ఎవరైనా చూస్తే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేస్తుంది.

నిద్రలేని_నాన్న

మర్దన సంగతి దేవుడెరుగు, మా నాన్నగారికి చొక్కా ఆనినా ప్రాణం పోయినంత పని అవుతుంది. ఏడు నెలల కిందట ఛాతీకి ఎడమ వైపున సర్పి లేచింది. పొక్కులు మూడు వారాల్లో మానిపోయాయి, మంట మాత్రం పోలేదు. ఫ్యాను గాలి తగిలితే ఉలిక్కిపడతారు. మా అత్తగారు ప్రేమకొద్దీ కొబ్బరినూనె రాయబోతే ఆయన చేయి తోసేశారు, ఇద్దరి మధ్యా వారం రోజులు మాటల్లేవు.

కడప_ఫిజియో

అత్తగారికి చెప్పండి, ఆయన కోపం ఆమె మీద కాదు. సర్పి వెళ్లిపోయాక మిగిలే నరాల నొప్పిలో తాకిడి కూడా నొప్పిగానే మెదడుకు చేరుతుంది. ఆ చర్మం మీద మర్దన అసలు వద్దు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులతో, లిడోకైన్ పట్టీలతో వైద్యం చేస్తారు. మిరపకాయకు ఘాటునిచ్చే కాప్సైసిన్‌తో చేసిన పూతమందు కూడా ఉంది. అది మొదట మండించి, వాడగా వాడగా ఆ నరాల చివరలను మొద్దుబారుస్తుంది.

ఆదోని_పత్తి

మిరపకాయ మందని తెలిస్తే మా ఊళ్లో సగం మంది ఈపాటికి నొప్పి లేకుండా ఉండాలి.

కడప_ఫిజియో

దయచేసి ఎవరూ వంటింటి కారం తీసుకుని ఒంటికి రుద్దవద్దు. ఇలా రాయకపోతే రేపు ఎవరో ఒకరు రుద్దుకుని వస్తారు.

వావిలాకు

నేను ఆయుర్వేదం చదివినవాణ్ణి కాబట్టి నా వైపు నుంచి ఒక మాట. అభ్యంగం రోజూ చేయమని, అందులోనూ తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా చేయమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పిన మాట నిజమే. అయితే ఆ వెంటనే ఎవరికి చేయకూడదో కూడా చెప్పాడు. కఫం పెరిగినవాళ్లకు, అజీర్తితో ఉన్నవాళ్లకు, శోధన చికిత్స, అంటే వాంతులు, విరేచనాలు చేయించి ఒంటిని శుభ్రపరిచే వైద్యం, అప్పుడే పూర్తయినవాళ్లకు వద్దన్నాడు. రోగిని చూడకుండా నూనె గిన్నె పట్టుకుని కూర్చోవడం మా శాస్త్రంలోనూ లేదు. పైగా అభ్యంగం అంటే నూనె ఒంటికి పట్టించడమే గానీ పిండి పిసికినట్లు పిసకడం కాదు. ఆముదం పొగలు వచ్చేదాకా కాచి రాయడం మన ఇళ్లలో ఎప్పుడు అలవాటైందో తెలియదు. గోరువెచ్చగా ఉంటే చాలు.

కోడుమూరు_కుర్రాడు

పరీక్ష చేశాను. ఆరు వేళ్లలో మూడు తెలిశాయి. కుడి పాదంలో చిటికెన వేలు, నడిమి వేలు, ఎడమ పాదంలో చిటికెన వేలు తాకితే అమ్మ కళ్లు మూసుకునే, "ఎప్పుడు మొదలుపెడతావు?" అని అడిగింది. పక్కన నిలబడి చూస్తున్న అక్క ఏమీ మాట్లాడలేదు, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఇంకొక సంగతి కూడా బయటపడింది. పాదాలను తిప్పి చూస్తే ఎడమ మడమ కింద రూపాయి బిళ్లంత బొబ్బ ఉంది. ఎప్పుడు వచ్చిందో అమ్మకు తెలియదు. ఆరా తీస్తే, మంట తగ్గడానికని రోజూ రాత్రి టబ్బులో వేడినీళ్లు పోసుకుని, కల్లుప్పు వేసి, పాదాలు అరగంట నానబెడుతోందట. నీళ్లు గోరువెచ్చగానే పెడుతున్నానంది. ఎప్పటిలాగే కలపమని చెప్పి, ఆ నీళ్లలో నేను మోచేయి పెట్టి చూశాను. పెట్టిన వెంటనే తీసేశాను. అమ్మ అవే నీళ్లలో రెండు పాదాలూ పెట్టి, "చల్లగా ఉన్నాయే" అంది.

రాత్రి_డ్యూటీ

నేను భయపడినది ఇదే. ఆ బొబ్బను పొడవవద్దు, చిదమవద్దు, పసుపు గానీ సున్నం గానీ పెట్టవద్దు. శుభ్రమైన పొడి గాజుగుడ్డతో వదులుగా కప్పి, రేపే డాక్టరుకు చూపించండి. చక్కెర ఉన్నవాళ్ల పాదాల మీద ఇంత చిన్న పుండే నెల తిరిగేసరికి వేలు తీసేసేదాకా వచ్చిన సందర్భాలను మా వార్డులో ఎన్నో చూశాను. వేడినీళ్ల టబ్బు, ఉప్పు కాపడం, ఇటుక కాపడం, వేడినీళ్ల సంచి, ఇవన్నీ ఆ పాదాలకు ఇక లేవనుకోండి. కడగడానికి వాడే నీళ్లు కూడా ఇంట్లో మరొకరు మోచేత్తో చూశాకే పోయాలి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి. చెప్పులో రాయి ఉన్నా తెలియదు కాబట్టి వేసుకునే ముందు దులపాలి.

గుత్తి_కోట

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. ఆవిడ చక్కెరకు ఏ మాత్ర వాడుతున్నారు? మెట్‌ఫార్మిన్ అయితే బి12 విటమిన్ ఎప్పుడైనా చూపించారా? నేను గుంతకల్లులో రైల్వే ఉద్యోగిని, శాకాహారిని, తొమ్మిదేళ్లు మెట్‌ఫార్మిన్ మింగాను. కాళ్లలో మంటలు వస్తే చక్కెర వల్లేనని అందరూ తేల్చేశారు. చివరికి చూస్తే బి12 అడుగంటిపోయింది. ఆ మాత్రను ఏళ్ల తరబడి వాడితే శరీరానికి బి12 పట్టడం తగ్గుతుందట. గ్యాస్ మాత్రలు కూడా చాలా కాలం వాడితే అంతే. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక నాలుగైదు నెలల్లో నా మంటలు సగానికి సగం తగ్గాయి. అంతకు ముందు రెండేళ్లపాటు నేను రుద్దించుకున్న నూనెతో ఒక చిన్న గానుగ నడిచేది.

రాగిసంగటి

నేను మొదట తొందరపడి రాసిన మాట నిజమే, ఆ నీళ్ల సంగతి చదివాక ఒప్పుకుంటున్నాను. కానీ ప్రతిదానికీ డాక్టరు, స్కానింగు, రక్తపరీక్ష అంటే కూలి చేసుకునేవాళ్లు ఏం చేయాలి? పెద్దావిడకు వంద రూపాయలిస్తే ఇంటికొచ్చి గంటసేపు కూర్చుని, కాళ్లు పట్టి, మంచీ చెడూ మాట్లాడి వెళ్తుంది. ఆసుపత్రిలో ఆ కాళ్లను ముట్టుకునేవాళ్లు ఎవరు? మా అమ్మను తీసుకెళ్లినప్పుడు డాక్టరు చీటీ రాశారు గానీ చెప్పులు కూడా విప్పమనలేదు.

రాత్రి_డ్యూటీ

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మీరు చెప్పినది జరుగుతూనే ఉంటుంది. చెప్పులు విప్పి చూపించి, "పాదాలు చూడండి సార్" అని మనమే అడగాలి. కర్నూలు సర్వజన వైద్యశాలలో నరాల విభాగం ఉంది. అక్కడ చూపించుకోవడానికి కూలి చేసుకునేవాళ్లు ఫీజు కట్టనక్కర్లేదు, ఒక పూట పోతుందన్నది మాత్రం నిజం. చర్మం మీద రంగు తగ్గి, స్పర్శ లేని మచ్చ కనబడితే అది కుష్టు కావచ్చు కాబట్టి దాన్ని కూడా దాచకుండా చూపించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మందులు ఉచితంగా ఇస్తారు. ఆలస్యం చేస్తే నరాలు పోతాయి.

ప్రొద్దుటూరు_కుట్టుమిషన్

చేతి విషయం ఎవరూ రాయలేదు కాబట్టి నాది రాస్తున్నాను. రోజంతా కుట్టుపని చేస్తాను. రాత్రి రెండు గంటలకు బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది, చేయి విదిలిస్తే గానీ తగ్గేది కాదు. మా పక్కింటి వదిన మణికట్టు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి రుద్దేది. తిమ్మిరి ఇంకా ఎక్కువైంది. నరం మణికట్టు సొరంగంలో ఇరుక్కుందని, అక్కడే నొక్కితే ఇంకా నలుగుతుందని తర్వాత తెలిసింది. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుని పడుకోమన్నారు. ఆరు వారాలకు నిద్ర తిరిగొచ్చింది. ముంజేతి కండరాలను మాత్రం వదిన ఇప్పటికీ మెల్లగా రుద్దుతుంది, దానికి అభ్యంతరం లేదన్నారు.

కోడుమూరు_కుర్రాడు

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

బొబ్బకు మూడు రోజులకోసారి కట్టు మార్చారు, ఇప్పుడు ఎండిపోయింది. మూడు నెలల సగటు చక్కెర (హెచ్‌బీఏ1సీ) 9.2 శాతం ఉంది. గుత్తి_కోట గారు చెప్పినట్లే మెట్‌ఫార్మిన్ 14 ఏళ్లుగా, గ్యాస్ మాత్ర ఆరేళ్లుగా వాడుతోంది. బి12 చూపిస్తే 148 వచ్చింది, ఉండవలసినది 200కు పైన అని చీటీ మీదే ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రాత్రికి ప్రీగాబాలిన్ తక్కువ మోతాదులో రాసి, మగతగా ఉండవచ్చు కాబట్టి రాత్రి లేచేటప్పుడు గోడ పట్టుకుని నడవమన్నారు. డాక్టరు గారు సన్నని నైలాన్ పోగుతో పాదాల అడుగున పది చోట్ల తాకి, నాలుగు చోట్ల తెలియడం లేదని రాసుకున్నారు. ఈసారి చెప్పులు మేమే ముందుగా విప్పాం.

మర్దన గురించి కూడా అడిగాను. మోకాళ్ల కింద గట్టిగా పిసకడం, వేడి నూనె వద్దన్నారు. పుండు లేనప్పుడు చల్లటి కొబ్బరినూనెను పాదాల మీద తేలికగా రాసుకోవచ్చని, పగుళ్లకు అది మంచిదేనని, వేళ్ల సందుల్లో మాత్రం తడి నిలుస్తుంది కాబట్టి రాయవద్దని చెప్పారు. భుజాలకు, వీపుకు స్పర్శ బాగానే ఉంది కాబట్టి అక్కడ రుద్దించుకుంటే అభ్యంతరం లేదట.

పెద్దావిడకు ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేను రెండు రోజులు తటపటాయించాను. చివరికి అమ్మే ఆవిడను కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని, తన వేళ్లు తాకి చూడమంది. ఆవిడ నాలుగోసారి తాకాక చేయి వెనక్కి తీసుకుని, "ఇన్నాళ్లు నేను నొక్కుతుంటే నోరు మెదపకుంటే, ఓర్చుకునే మనిషివి అనుకున్నా గదమ్మా" అంది. ఇప్పుడు వారానికి ఒకసారి వచ్చి భుజాలు, వీపు రుద్ది, పాదాలకు నూనె రాసి, మడమలు తిప్పి చూసి వెళ్తోంది. వంద రూపాయలు అంతే ఉన్నాయి, రాగిసంగటి గారూ, కబుర్లు కూడా అంతే ఉన్నాయి.

కడప_ఫిజియో

ఆవిడ మడమలు తిప్పి చూడటం ఆ మర్దన కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఎడమ మడమ పూర్తిగా మానేదాకా అమ్మగారు ఆ కాలి మీద ఎక్కువ సేపు నిలబడకుండా చూడండి. మీ అక్కగారు ఏమంటున్నారు?

కోడుమూరు_కుర్రాడు

నిన్న రాత్రి అమ్మ పడుకున్నాక అక్క వచ్చి మంచం మీద కాళ్లు చాపి, తన వేళ్లు కూడా తాకి చూడమంది. ఆరూ తెలిశాయి. మళ్లీ ఒకసారి చూడమంది.